తాయారమ్మ అడిగిన ప్రశ్న

పోయిన వారం మన కథ గరాచర్మ బస్టాపులో ఆగింది. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్దాం. భానుశ్రీకి ఏడో నెల, తొలిచూలు. పోర్ట్‌బ్లెయిర్‌లో హాడో రేవు దగ్గర పుట్టి పెరిగిన పిల్ల. ఊహ తెలియని వయసులోనే తల్లి జ్వరంతో పోయింది. సునామీ వచ్చి వెళ్ళిన రెండో ఏడు గోపీచంద్‌ని చేసుకుని గరాచర్మలో అత్తవారింటికి వచ్చింది. గోపీచంద్ దీవుల మధ్య తిరిగే ఓడలో పని చేస్తాడు. ఇంట్లో కంటే నీళ్ళ మీదే ఎక్కువ ఉంటాడు. కాబట్టి ఇంట్లో ఉండేది అత్త తాయారమ్మ, కోడలు, ఇద్దరే. షాదీపూర్‌లో వాసవి సిస్టర్ గురువారం మధ్యాహ్నాలు తొలిచూలు ఆడవాళ్ళకి ఒక క్లాసు నడుపుతుంది. దానికి వెళ్ళడానికి వీల్లేదని తాయారమ్మ తెగేసి చెప్పింది. నాన్నని చూసొస్తానని వంక పెట్టి భానుశ్రీ ఆ క్లాసుకే వెళ్తూ వచ్చింది. పోయిన గురువారం ఆమె బస్సు దిగేసరికి స్టాపులో తాయారమ్మ నిలబడి ఉంది. తిట్టలేదు. ఎక్కడికెళ్ళావని కూడా అడగలేదు. "వొచ్చే గురువారం నానూ వొస్తాను" అంది, అంతే.

ఆ వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. తాయారమ్మ కోపమొస్తే దాచుకునే మనిషి కాదు. ఎదురింటి కోడి గుమ్మంలోకి వచ్చినా వీధి చివరిదాకా వినపడేలా తగువేసుకుంటుంది. అలాంటి మనిషి నోరు కట్టేసుకుని తిరుగుతుంటే భానుశ్రీకి ముద్ద దిగలేదు. పొద్దున్నే ఐరన్ మాత్ర, మంచినీళ్ళ గ్లాసు మాత్రం ఎప్పట్లాగే అత్త చేతి నుంచే వచ్చాయి. మింగేదాకా ఎదురుగా నిలబడడమూ మానలేదు.

భానుశ్రీకి అర్థం కానిది అదే. అత్త మాత్రలకి అడ్డం చెప్పదు, స్కానింగుకి అడ్డం చెప్పదు. నెలనెలా చెకప్‌కి తనే వెంటబెట్టుకుని తీసుకెళ్తుంది. క్లాసు మాటెత్తితే మాత్రం మొహం గంటు పెట్టుకుంటుంది. కనడం కూడా బడికెళ్ళి నేర్చుకుంటారా ఎవరైనా అని కొట్టిపారేస్తుంది.

నిజానికి మొదట్లో భానుశ్రీ కూడా అలాగే అనుకుంది. చెకప్‌లో ఒకసారి వాసవి సిస్టర్ ఆమెని పక్కకి పిలిచి, నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసా అని అడిగితే సిగ్గుతో నవ్వేసింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే తనకి నిజంగానే ఏమీ తెలియదని తెలిసింది. ఎవరిని అడుగుతుంది? తల్లి లేదు. నాన్న అచ్చిబాబుని ఇలాంటివి అడగలేదు. అత్తని అడిగితే "అప్పుడు నానుంటాను కదా" అని వేరే పనిలో పడిపోయేది. అలా ఆ ప్రశ్న నోట్లోనే ఉండిపోయి, చివరికి ఆమెని షాదీపూర్ బస్సు ఎక్కించింది.

గురువారం రానే వచ్చింది. పొద్దుటి నుంచి పట్టిన వాన తెరిపిచ్చింది. తాయారమ్మ పెళ్ళిళ్ళకి కట్టే ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది. కోడలి కంటే ముందే చెప్పులేసుకుని వీధిలో నిలబడింది. బస్సులో భానుశ్రీని కిటికీ పక్కన కూర్చోబెట్టి తను ఇవతల కూర్చుంది. సముద్రం కనిపించే మలుపు రాగానే తల తిప్పుకుని కండక్టరు వైపు చూసింది.

ఆ తల తిప్పుకోవడం భానుశ్రీకి అలవాటైనదే. ఇంట్లో దేవుడి గూటి పక్కన నూకరత్నం ఫోటో ఉంటుంది. గోపీచంద్‌కి అక్క, తాయారమ్మకి ఒక్కతే కూతురు. ఇంకో దీవిలో, ఓడెక్కి వెళ్ళాల్సిన హట్‌బేలో, చేపలు పట్టేవాళ్ళు ఉండే మచ్చీడేరాలో ఆమె కాపురం. సునామీ రోజున ఆమెనీ మొగుడు జోగులునీ అల తీసుకుపోయిందని పెళ్ళిచూపులప్పుడే చెప్పారు. అప్పటికామె నిండు చూలాలనీ, పురిటికి తీసుకురావడానికి వెళ్ళిన తాయారమ్మ ఒక్కతే తిరిగొచ్చిందనీ చెప్పారు. ఆ రోజుల్లో దీవుల్లో అలాంటి మాట వినపడని ఇల్లు తక్కువ. వివరాలు అడగడం ఎవరికీ మనసొప్పేది కాదు. భానుశ్రీ కూడా అడగలేదు.

క్లాసు జరిగేది అంగన్‌వాడీ గదిలో. గోడల నిండా పిల్లల అక్షరాల బొమ్మలు, నేల మీద చాపలు. అప్పటికే ముగ్గురు వచ్చి కూర్చున్నారు. బెంగాలీ అమ్మాయి మొగుడు పంపిస్తే వస్తుంది. వచ్చిన దగ్గర్నుంచి గోడ గడియారమే చూస్తుంది. తమిళ అమ్మాయికి ఇంట్లో దొరకని నిద్ర ఇక్కడ దొరుకుతుంది. గోడకి చేరబడి హాయిగా కళ్ళు మూసుకుంటుంది. రాంచీ అమ్మాయి అన్నీ శ్రద్ధగా వింటుంది గానీ ఇన్ని వారాల్లో ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. సిస్టర్ కాన్పు నేర్పే గుడ్డబొమ్మ తీసి చూపిస్తే ముగ్గురూ మొహాలు చాటుచేసుకుని నవ్వుతారు. మొదట్లో భానుశ్రీ కూడా నవ్వేది. ఈ మధ్య నవ్వడం మానేసింది.

వాసవి సిస్టర్ షాదీపూర్‌లోనే పుట్టిన తెలుగుపిల్ల, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. తాయారమ్మని చూసి సంతోషపడింది. అత్తల్ని తీసుకురమ్మని అందరికీ చెబుతూనే ఉన్నాననీ, ఇన్నాళ్ళకి ఒకరు వచ్చారనీ కుర్చీ తెచ్చి వేసింది. తాయారమ్మ కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

"నీకెంతమంది పిల్లలు?" అని అడిగింది కూర్చుంటూనే.

"ఇంకా లేరమ్మా."

"మరి నువ్వేటి నేర్పుతావు?"

భానుశ్రీకి తల కొట్టేసినట్టయింది. సిస్టర్ మొహం కొంచెం ఎర్రబడింది గానీ మాట తగ్గలేదు. కన్నవాళ్ళ పక్కన చాలాసార్లు నిలబడ్డాననీ, వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే చెబుతున్నాననీ అంది. తాయారమ్మ చీరచెంగు ఒళ్ళోకి లాక్కుని, చెప్పు మరి అన్నట్టు చూసింది.

సిస్టర్ హిందీలో మొదలుపెట్టింది. ఆ గదిలో అందరికీ తెలిసిన భాష అదొక్కటే. ఆ రోజు చెప్పాల్సింది కాన్పు అయ్యాక ఏం చూసుకోవాలన్నది. బిడ్డ బయటపడి కేరుమనగానే అందరూ బిడ్డ చుట్టూ మూగుతారనీ, తల్లిని చూసేవాళ్ళుండరనీ, అసలు ప్రమాదం అప్పుడేననీ చెప్పింది. ఊలుతో అల్లిన చిన్న సంచి తీసి, ఇది గర్భసంచి అనుకోండి అంది. బిడ్డ వచ్చేశాక ఇది పిడికిలిలా ముడుచుకోవాలి. బొడ్డు కింద చెయ్యి పెట్టి చూస్తే బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉందంటే లోపల రక్తం కారుతున్నట్టే. అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి. పరిగెత్తేలోపు చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. పొట్ట మీద చెయ్యి పెట్టి గట్టిపడేదాకా గుండ్రంగా రుద్దుతూ ఉండాలి. ఒంటేలు పోయించాలి. బిడ్డని వెంటనే రొమ్ముకి పట్టించాలి.

"ఆగు" అంది తాయారమ్మ.

సిస్టర్ ఆగింది. బెంగాలీ అమ్మాయి గడియారం మీంచి చూపు తిప్పింది.

"బిడ్డని రొమ్ముకెందుకు? ముర్రుపాలు పిండి పారబొయ్యాలి కదా ముందు?"

సిస్టర్ తెలుగులోకి మారింది. "పారబొయ్యకూడదమ్మా. అవి బిడ్డకి మంచివి. పైగా బిడ్డ చీకుతుంటే తల్లి గర్భసంచి ముడుచుకుంటుంది. రక్తం కట్టుకుంటుంది. తల్లికీ మందే అది."

బయట ఎవరో స్కూటర్ ఎంతకీ స్టార్టవక తన్నుతున్నారు. ఆ చప్పుడు ఆగాక తాయారమ్మ మళ్ళీ నోరు విప్పింది.

"రోడ్డు నేదు. డాక్టరు నేడు. చుట్టూ అడివి, కింద సముద్రం. అప్పుడేటి చేస్తాది నీ క్లాసు?"

అది ఎత్తిపొడుపనుకుంది సిస్టర్. ఓర్పుగా, అలాంటప్పుడు ఏం చెయ్యాలంటే అని మొదలుపెట్టబోయింది.

"అలాంటప్పుడు కాదు" అంది తాయారమ్మ. "ఆ రోజు. హట్‌బేలో, సునామీ రోజు."

గదిలో సునామీ అన్న మాట ఒక్కటీ అందరికీ అర్థమైంది. తమిళ అమ్మాయి కళ్ళు తెరిచింది. భానుశ్రీ వెన్ను నిటారుగా చేసుకుని కూర్చుంది. అత్త నోట ఆ మాట రావడం ఆమె పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

తాయారమ్మ చెప్పుకొచ్చింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. కూరల బేరం గురించి చెప్పినట్టు చెప్పింది. కూతురిని పోర్ట్‌బ్లెయిర్ తీసుకురావడానికి హట్‌బే వెళ్ళిందట. ఓడ టికెట్లు దొరక్క అక్కడే ఉండిపోయిందట. ఆ ఆదివారం పొద్దున్న భూమి ఊగింది. అల్లుడు జోగులు పడవ చూసొస్తానని ఒడ్డుకి పరిగెత్తాడు. అదే అతన్ని చూడడం. నీళ్ళు వెనక్కి పోయాయని ఎవరో అరుస్తుంటే తాయారమ్మ కూతురి రెక్క పట్టుకుని కొండ వైపు లాక్కుపోయింది. నిండు నెలల మనిషి, మధ్యమధ్య కూలబడిపోతుంటే వెనక నుంచి తోసింది. వాళ్ళు పైకి చేరి వెనక్కి చూసేసరికి మచ్చీడేరా లేదు.

భానుశ్రీ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. వాళ్ళు పైకి చేరారు. వదిన కొండ ఎక్కింది. అల తీసుకుపోయింది వదినని కాదు.

తాయారమ్మ ఆగలేదు. సాయంత్రానికి నొప్పులు మొదలయ్యాయట. కొండ మీద జనం చాలామందే ఉన్నారు గానీ ఎవరి ఏడుపు వాళ్ళది. ఒక టార్పాలిన్ ముక్క సంపాదించి చెట్టు కింద పరిచింది. తెల్లారగట్ల ఆడపిల్ల పుట్టింది. మాయ కూడా పడిపోయింది. గండం గడిచిందనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. పక్కనే గవరమ్మ అని, అదే వాడలో ఉండే మనిషి, కూర్చుని ఉంది. ఆమె పాలు తాగే బిడ్డని అల తీసుకుపోయింది. రొమ్ములు పాలతో గట్టిపడి నొప్పికి మూలుగుతోంది. కూతురికి వచ్చేవి ముర్రుపాలు, అవి పట్టకూడదు. ఇక్కడ ఈమెకేమో మంచి పాలు వృథాగా పోతున్నాయి. తాయారమ్మ పిల్లని తీసుకెళ్ళి గవరమ్మ ఒళ్ళో పెట్టింది.

"అప్పుడు నా కూతురు నిద్దరొస్తందమ్మా అంది. అలిసిపోయింది కదా, పడుకో తల్లీ అన్నాను. చీర కప్పాను. తల నిమిరాను." తాయారమ్మ సిస్టర్ కళ్ళలోకి సూటిగా చూసింది. "కింద టార్పాలిన్ తడిసిపోతందని తెలుసు. పురుడన్నాక నెత్తురు పోకుండా ఉంటాదా అనుకున్నాను. ఇందాకా నువ్వు చెప్పావే, పొట్ట రుద్దాలని, పిల్లని పట్టించాలని. అవి చేసుంటే బతికేదా నూకరత్నం?"

ఆ తెలుగు అర్థం కాని బెంగాలీ అమ్మాయి మెల్లగా, ఆంటీ క్యా బోల్ రహీ హై దీదీ, అని అడిగింది. సిస్టర్ ఉండమన్నట్టు చెయ్యి చూపింది.

భానుశ్రీ సిస్టర్ మొహం వంకే చూస్తోంది. కాదని చెప్పు, ఏం చేసినా బతికేది కాదని చెప్పు, అని లోపల లోపల వేడుకుంటోంది. ఒక్క మాట, ఒక్క అబద్ధం. దానివల్ల ఎవరికీ పోయేదేమీ లేదు. ఈ మనిషి ఇంటికెళ్ళి ఇవాళ అన్నం తింటుంది.

సిస్టర్ తడబడింది. "నేనక్కడ లేనమ్మా" అంది.

"నానున్నాను. ఉండీ తెలీకే నిన్నడుగుతన్నాను."

వాసవి సిస్టర్ చేతిలో ఉన్న ఊలు సంచి పక్కన పెట్టింది. వచ్చి తాయారమ్మ ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"బతికేదని చెప్పలేను. అలా చేస్తే కొంతమంది నిలబడతారు. పెద్ద ఆసుపత్రిలో ఉన్నా కొంతమంది దక్కరు. మీ అమ్మాయి ఎటు వైపు ఉండేదో నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. చెయ్యడానికి అసలేమీ లేదని మాత్రం నేననలేను. అంటే అది అబద్ధమవుతుంది."

భానుశ్రీ కళ్ళు మూసుకుంది. ఏడుపు వినపడుతుందనుకుంది. వినపడలేదు. కళ్ళు తెరిచేసరికి తాయారమ్మ చీరచెంగుని కుచ్చిళ్ళలా మడతలు పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ పెడుతోంది. చాలాసేపు అలా చేసి, చెంగు వదిలేసింది.

"సూపించు" అంది.

సిస్టర్ బొమ్మ వైపు చెయ్యి చాపింది.

"బొమ్మ మీద కాదు. మనిషి మీద."

సిస్టర్ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత జడ పక్కకి వేసుకుని, చాప మీద తనే వెల్లకిలా పడుకుంది. తాయారమ్మ చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. ఆ చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వెళ్ళింది. సిస్టర్ మళ్ళీ పట్టుకుంది. ఇక్కడ కాదమ్మా కొంచెం కిందికి అంది. మెత్తగా కాదు గట్టిగా, నొప్పెడుతుందని జాలిపడితే మనిషి దక్కదు అంది. తాయారమ్మ పళ్ళు బిగించి రుద్దింది. నుదుటి మీద చెమట పోసింది. చాలమ్మా అని సిస్టర్ రెండుసార్లు అన్నా ఆపలేదు.

అప్పుడు రాంచీ అమ్మాయి లేచి వచ్చి వాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ముఝే భీ సిఖావో" అంది, నాకూ నేర్పమని. ఇన్ని వారాల్లో ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో అందరికీ తెలిసింది అప్పుడే. ఆమె వెనకే తమిళ అమ్మాయి. బెంగాలీ అమ్మాయి కూడా గడియారం మాట మర్చిపోయి వచ్చింది. ఇంట్లో మీ అమ్మలకీ అత్తలకీ కూడా నేర్పండి, ఆ టైములో మీ చెయ్యి మీకు రాదు అని సిస్టర్ పడుకునే చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

భానుశ్రీ మాత్రం ఉన్న చోటి నుంచి లేవలేదు. సిస్టర్ పిలిస్తే తల అడ్డంగా ఊపింది. ఆమెకి జాలి ఉంది, జాలి కంటే ఎక్కువగా మంట ఉంది. పక్కన పడుకునే మొగుడు కూడా అల తీసుకుపోయిందనే చెప్పాడు. ఈ ఇంటి ఆడపిల్లే, ఇదే అత్త చేతుల్లో, పురిట్లో పోయిందని తెలిసుండి, ఏడు నెలలుగా నోరు మెదపకుండా తనకి మాత్రలిచ్చారు. అప్పుడు నానుంటాను కదా అన్న మాట తల్చుకుంటే ఇప్పుడు భయమేసింది.

క్లాసు అయ్యాక మళ్ళీ చినుకులు పడ్డాయి. బస్సు కోసం టీ కొట్టు రేకుల కింద నిలబడ్డారు. తాయారమ్మ రెండు టీలు చెప్పి, కోడలి చేతిలో గ్లాసు పెట్టింది. భానుశ్రీ తాగలేదు.

"అల తీసుకుపోయిందని చెప్పారు నాకు" అంది.

"పురిట్లో పోయిందంటే మా గోపీని చేసుకుందువా నువ్వు?"

"చేసుకునేదాన్నేమో. నన్నడగలేదు కదా మీరు."

తాయారమ్మ వాన వంక చూస్తూ టీ చల్లార్చుకుంది. తర్వాత ఎవరితోనో చెబుతున్నట్టుగా, ఊళ్ళో ఆడవాళ్ళు ఎలా మాట్లాడతారో నీకు తెలీదనీ, ఒక ఇంట్లో పురిటి చావు జరిగితే ఆ గడప తొక్కడానికి పిల్లనిచ్చేవాళ్ళు భయపడతారనీ, అందుకే గోపీ నోరు కూడా తనే కట్టేసిందనీ అంది. అల అంటే ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు. అల ఎవరినైనా తీసుకుపోతుంది.

"క్లాసుకెందుకు వద్దన్నావు అత్తా? నాకు తెలిసిపోతుందనా?"

"నీకు తెలుస్తాదని కాదు. నాకు తెలుస్తాదని." తాయారమ్మ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. "ఆ గదిలో ఏటి చెబుతారో నువ్వు ఇంటికొచ్చి నాకు చెబుతావు. అప్పుడు నాను చెయ్యవలిసింది ఏటో తెలిసిపోతాది. ఇన్నాళ్ళూ తెలీకుండానే బతికాను. పోయినవారం నువ్వు బస్సు దిగుతుంటే నీ నడక చూశాను. అది కూడా అలాగే నడిచేది, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని. రేపు నీకు నొప్పులొచ్చి, వానకి దారి మూసుకుపోయి, మల్లీ నా ఒక్కదాని చేతుల్లోనే పడితే? అందుకే వొచ్చాను. తెలుసుకోకుండా ఉండలేకపోయాను."

భానుశ్రీ మంట అక్కడితో ఆరిపోయిందని చెబితే అతిశయోక్తవుతుంది. ఆరలేదు. కానీ ఆమె చేతిలోని టీ ఒక గుక్క తాగింది.

"మరి పాప ఏమైంది?"

"పోయింది" అంది తాయారమ్మ.

ఆ కొండ మీద, ఆ టార్పాలిన్ ముక్క మీద, పురిటి బిడ్డ బతకడమెలాగ అనుకుంది భానుశ్రీ. తాయారమ్మ కూడా ఆ మాట అక్కడే వదిలేసి వేరే సంగతి ఎత్తింది. ఎనిమిదో నెల నిండగానే హాడోలో మీ నాన్న దగ్గరికి వెళ్ళిపో, ఆసుపత్రి దగ్గర, నేనూ వచ్చి అక్కడే ఉంటాను అంది. అప్పటిదాకా గురువారం గురువారం నేనే తీసుకొస్తాను, ఆ సిస్టర్ ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయట అంది. ఆ మాటలు విన్నాక భానుశ్రీకి కడుపులోని బరువు కొంచెం సర్దుకున్నట్టనిపించింది. ఇలాంటి అత్తని చూసి చాలా రోజులైంది, అసలెప్పుడూ చూడలేదేమో కూడా.

అంతలో ఆమె సంచిలో ఫోన్ మోగింది. గోపీచంద్. ఓడ దక్షిణపు కొసన ఉన్న కాంప్‌బెల్ బేలో ఆగినప్పుడు రేవు దగ్గరి బూత్ నుంచి ఫోన్ చెయ్యడం అతనికి అలవాటు. ఎప్పుడూ ముందు తిన్నావా అంటాడు. ఇవాళ అనలేదు.

"అమ్మ పక్కనుందా?"

"ఉంది."

"అయితే మామూలుగా మొహం పెట్టుకుని విను. ఏమీ అనకు."

లైను గరగరమంటోంది. అతను ఆయాసపడుతూ మాట్లాడుతున్నాడు. నీకొక అబద్ధం చెప్పాను భానూ, ఇంటికొచ్చాక ఎంత తిట్టినా పడతాను అన్నాడు. అక్క అలలో పోలేదు, కొండ మీద పురిట్లో పోయింది అన్నాడు. ఆ ముక్క తనకి తెలుసని చెప్పే వీలు భానుశ్రీకి లేదు. తర్వాత అతను చెప్పింది మాత్రం ఆమెకి తెలియదు. పిల్ల బతికింది. మర్నాడు ఓడ వచ్చినప్పుడు తోపులాటలో, పాలిస్తున్న గవరమ్మతో పాటు తప్పిపోయిందని అమ్మ చెప్పింది. పోర్ట్‌బ్లెయిర్ క్యాంపులన్నీ వెతికి దొరక్క, అప్పుడే తను ఈ ఓడలో చేరాడు. ఏ దీవిలో ఆగినా రేవులో దిగి గవరమ్మ అనే మనిషి ఎక్కడైనా ఉందేమోనని అడుగుతూనే ఉన్నాడు. ఎన్నిసార్లు వచ్చినా కాంప్‌బెల్ బేలో ఎవరూ ఎరగమన్నారు. ఇవాళ బజారులో రెండున్నరేళ్ళ పిల్లని చంకనేసుకుని ఒకామె ఎదురైంది. పిల్ల మొహం చూసి ఆమెకి అడ్డం నిలబడ్డాడట. అచ్చం అక్కే.

భానుశ్రీ రేకుల మీద పడుతున్న వాన వైపు చూస్తూ నిలబడింది. మొహం మామూలుగా ఉంచడానికి చాలా కష్టపడుతోంది.

"నేనెవరో చెప్పాను. ఆమె పారిపోలేదు, భయపడలేదు" అన్నాడు గోపీచంద్. "తప్పిపోయిందని ఎవరన్నారు బాబూ అంది. మీ అమ్మే నా ఒళ్ళో పెట్టింది, ఇంక ఇది నీదే, వెనక్కి అడగను అని మాటిచ్చింది అంది. రెండేళ్ళ పైగా తిరుగుతున్నాను భానూ. అమ్మ రోజూ నన్ను చూస్తూనే ఉంది కదా. నువ్వేమీ అడక్కు. ఓడ హాడో చేరాక నేనే—"

లైను తెగిపోయింది. భానుశ్రీ ఫోన్ చెవి దగ్గరే కాసేపు ఉంచుకుని, సరే జాగ్రత్త అని ఎవరూ లేని లైనులో చెప్పి, సంచిలో వేసుకుంది.

"ఏటంటాడు?" అంది తాయారమ్మ.

"ఏముంది, తిన్నావా అన్నాడు."

బస్సు మలుపు తిరిగి వస్తోంది. కొట్టు కింద నిలబడ్డవాళ్ళంతా గొడుగులు విప్పుకుని రోడ్డు మీదికి వెళ్ళారు. తాయారమ్మ కదల్లేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపుకి భానుశ్రీ తల దించుకుంది.

"గవరమ్మ కనిపించిందా వాడికి?" అని అడిగింది తాయారమ్మ.